సైనిక్‌పురి మిద్దె మీద లీక్: నారు దగ్గరే తేలిపోయే పంట

లీక్ అనే ఉల్లికాడల్లాంటి కూరను పెంచుతామని వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది దాని మొదట్లో ఉండే తెల్లకాడ గురించి. మట్టి ఎంత ఎగదోయాలి, గొట్టం తొడగాలా, ఎన్ని అంగుళాలు వస్తుంది అని. తెల్లకాడ పెద్ద విద్యేమీ కాదు. వెలుతురు తగలకుండా కప్పితే చాలు, అదే తెల్లబడుతుంది. హైదరాబాదులో కష్టమల్లా కాడకు లావు రాబట్టడం. ఆ లావు ఎప్పుడు నారు పోశామన్న దాని మీదే సగానికి పైగా తేలిపోతుంది. సైనిక్‌పురిలో ఒక ఇంటి మిద్దె మీద చేసిన పంటను ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. అక్కడ ఒకే ప్యాకెట్ విత్తనాన్ని రెండు వేళల్లో వేశాం. మట్టి, నీళ్ళు, ఎరువు అన్నీ ఒకటే. తేడా నారు పోసిన నెలలోనే.

ఇల్లు, ఇంటివాళ్ళు

దంపతులిద్దరూ అరవై దాటినవాళ్ళు. ఆయన సివిల్ ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆవిడ కొడుకు దగ్గర ఇంగ్లండులో కొన్ని నెలలు ఉండి వచ్చారు. అక్కడి చలికాలంలో రోజు విడిచి రోజు లీక్ వండుకున్నారట. ఆలుగడ్డతో కూర, పెసరపప్పులో, ఊరికే సూపులో. ఇక్కడ సూపర్ మార్కెట్లో అప్పుడప్పుడు దొరికేది వాడిపోయి ఉంటోందనీ, ధర చూస్తే చెయ్యి రావడం లేదనీ ఆవిడ బాధ. మిద్దె తోట అప్పటికే ఉంది. టమాట, వంకాయ, బచ్చలి, కరివేపాకు బాగానే పండిస్తున్నారు. చేతకాక పిలిచినవాళ్ళు కారు, ఈ ఒక్క పంట లొంగక పిలిచారు.

అంతకుముందు రెండుసార్లు వేశారు. మొదటిసారి మృగశిర కార్తెలో తొలకరి పడగానే నేరుగా బకెట్లలో చల్లారు. మొలిచినవి మొలిచినట్టే వాన దెబ్బకు మొదళ్ళు మెత్తబడి పడిపోయాయి. మామూలు నారుకుళ్ళు. రెండోసారి నవంబరులో, చలి మొదలయ్యాక వేశారు. అది బతికింది, పచ్చగానే ఉంది, కానీ మార్చికి కూడా పెన్సిల్ లావు దాటలేదు. ఏప్రిల్ ఎండకు కొసలు కాలి, పీకి పారేయాల్సి వచ్చింది. "చలికాలం పంట అన్నారు, చలికాలంలోనే వేశాను కదా బాబూ" అన్నారు ఆవిడ. అసలు చిక్కు ఆ మాటలోనే ఉంది.

నాలుగు నెలల లెక్క

లీక్ ఉల్లి కుటుంబమే. కానీ ఉల్లిలా గడ్డ కట్టదు, తినేదంతా ఆకుల మొదళ్ళు ఒకదాన్నొకటి చుట్టుకుని తయారైన కాడే. అంటే ఎన్ని ఆకులు వేస్తే అంత లావు. సుమారు 13 నుంచి 24 డిగ్రీల మధ్య అది హాయిగా ఆకులు వేస్తుంది. ఎండలు 30 దాటి నిలిచాయంటే ఎదుగుదల మందగిస్తుంది. విత్తనం నుంచి నాటే నారు కావడానికే 8 నుంచి 10 వారాలు పడుతుంది. నాటాక రకాన్ని బట్టి మరో మూడు నుంచి ఐదు నెలలు. మొత్తం ఐదు నుంచి ఏడు నెలల పంట.

మనకున్న చలి ఎంత? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. డిసెంబరులో సగటున పగలు 28, రాత్రి 14 డిగ్రీల ప్రాంతం. ఫిబ్రవరికి పగలు 32 అందుకుంటుంది, మార్చిలో 35 దాటుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఊరికే అనలేదు. ఐదారు నెలల పంటను ఈ నాలుగు నెలల్లో ఇరికించాలంటే ఒక్కటే దారి: నారు దశను చలికాలం బయటికి నెట్టేయడం. చల్లటి నెలలన్నీ మొక్క ఆకులు వేసే పనికే మిగలాలి, మొలకెత్తే పనికి ఖర్చు కాకూడదు. నవంబరులో విత్తినావిడకు జరిగింది ఇదే. ఉన్న నాలుగు నెలల్లో రెండు నారు కావడానికే పోయాయి.

మరి బయటికి అంటే ఎటు? ముందు మే, జూన్ ఉన్నాయి. మేలో సగటు పగలు 39. లీక్ విత్తనం 18 నుంచి 24 డిగ్రీల మధ్య బాగా మొలుస్తుంది, 30 దాటితే మొలక బాగా తగ్గుతుంది. ఆగస్టు అలా కాదు. వానలకు, మబ్బులకు పగలు 30 దగ్గర ఆగుతుంది, రాత్రి 22. మేతో పోలిస్తే పగలు 9 డిగ్రీలు తక్కువ. హైదరాబాదుకు చలికాలం కాకుండా ఇంకో చల్లటి వేళ ఉందని మన తోటలవాళ్ళు చాలామంది లెక్కలోకే తీసుకోరు. వాన నుంచి నారును కాపాడగలిగితే చాలు, వేడి నుంచి ఆగస్టే కాపాడుతుంది.

కాబట్టి ఆవిడకు నేను ఇచ్చిన క్యాలెండరు ఇది: వినాయక చవితి అటూఇటుగా నారు, దసరా దీపావళి మధ్య నాటు, శివరాత్రికి కోత ముగింపు. పండుగలతో చెబితే గుర్తుంటుంది. అధికమాసం వచ్చిన ఏడు మాత్రం తేదీలే చూసుకోవాలి: ఆగస్టు నడుమ, అక్టోబరు చివరి వారం, ఫిబ్రవరి చివర.

విత్తనం

ఉల్లి జాతి విత్తనాలకు ఆయుష్షు తక్కువ. ఏడాది దాటాక మొలక శాతం పడిపోతూ వస్తుంది. ఆవిడ దగ్గర కొడుకు పంపిన పాత ప్యాకెట్ ఉంది, దాన్ని పక్కన పెట్టించాను. తడిగుడ్డలో ఇరవై గింజలు చుట్టి చూస్తే పాతవాటిలో మూడో నాలుగో మొలిచాయి. కొత్తవి కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్యాకింగ్ తేదీ చూడండి. నెక్లెస్ రోడ్డులో జరిగే నర్సరీ మేళాలో కొనేవాళ్ళు కూడా ముందు ఆ తేదీ చూసి, తర్వాతే బొమ్మ చూడాలి.

రకం విషయంలో మనకు ఎంపిక తక్కువ. లండన్ ఫ్లాగ్, అమెరికన్ ఫ్లాగ్ ఇక్కడ దొరుకుతాయి. ఇవి నాటాక నాలుగు నెలల పైచిలుకు తీసుకునే రకాలు. కింగ్ రిచర్డ్ లాంటి తొందర రకం ఆన్‌లైన్లో దొరికితే అదే తీసుకోమంటాను. కాడ సన్నమే కానీ పొడవుగా సాగుతుంది, నాటాక 75 రోజుల చుట్టూ కోతకు వస్తుంది. చలిదేశాల్లో మంచును తట్టుకుంటుందని మెచ్చుకునే మసెల్‌బరా లాంటివి మనకెందుకు? మనం తట్టుకోవాల్సింది మార్చిని. ఈ ఇంట్లో చేతికందింది అమెరికన్ ఫ్లాగ్. దాంతోనే కానిచ్చాం.

నారు: ఎక్కువ శ్రమ ఇక్కడే

నారు పెంచే గుంటల ప్లాస్టిక్ పళ్ళేలు, అంటే ప్రో ట్రేలు, వాడనివ్వలేదు. టమాట, మిర్చికి 98 గుంటల ట్రే సరిపోతుంది, అవి నాలుగైదు వారాల్లో బయటికొచ్చేస్తాయి. పది వారాలు ఉండే లీక్ నారుకు ఆ గుంటలో మట్టి చాలదు, వేరు చుట్టుకుపోయి మొక్క గిడసబారుతుంది. పండ్ల దుకాణంలో అడిగి రెండు థర్మాకోల్ డబ్బాలు తెచ్చుకున్నారు. అడుగున రంధ్రాలు పెట్టి, 12 సెంటీమీటర్ల లోతున కొబ్బరి పొట్టు, జల్లించిన వర్మీకంపోస్ట్ సగం సగం నింపాం. వర్మీకంపోస్టులో వారం ముందే ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే బూజు పొడి కలిపి నీడన తడిగా ఉంచాం. మొదటిసారి మొక్కలను తిన్న నారుకుళ్ళుకు అది కొంత అడ్డు. అసలు అడ్డు మాత్రం పైన కప్పు.

డబ్బాలు పెట్టే చోటు కోసం మిద్దె అంతా తిరిగి చూశాక మెట్ల గదికి తూర్పు వైపు కుదిరింది. పైన ఫైబర్ రేకు ఉంది, వాన నేరుగా పడదు. పొద్దున పదకొండు దాకా ఎండ వస్తుంది, తర్వాత గోడ నీడ. వాటర్ ట్యాంకు కింద పెడదామని ఆయన అన్నారు. అక్కడ చల్లదనం ఉంది కానీ వెలుతురు లేదు, నారు సాగిపోతుంది.

సెంటీమీటరు లోతున గీతలు గీసి విత్తాం. పది పన్నెండు రోజులకు ఉల్లి నారులాగే మెడ వంచుకుని మొలకలు పైకొచ్చాయి. మూడింట రెండు వంతులు మొలిచాయి, ఈ పంటకు అది మంచి లెక్కే. నీళ్ళు పైనుంచి పోయకుండా డబ్బాను పళ్ళెంలో పెట్టి కింది నుంచి పీల్చుకోనిచ్చారు. మొక్కకు మొక్కకు రెండు మూడు సెంటీమీటర్లు ఉండేలా పలచన చేశారు. నెల దాటాక వారానికోసారి పలచని వర్మీవాష్, అంటే వానపాముల ఎరువు నుంచి దిగిన నీరు. ఆకులు వాలిపోతున్నప్పుడల్లా కత్తెరతో కొసలు కత్తిరించి 15 సెంటీమీటర్ల దగ్గర నిలబెట్టారు. మన ఉల్లి రైతులు నాటే ముందు నారు కొసలు తుంచినట్టే ఇదీ.

అక్టోబరు మొదట్లో నారు బాగా కనబడుతోందని నాటేద్దామన్నారు. ఆపాను. ఈ నగరంలో అక్టోబరు వానను నమ్మడానికి లేదు. 2020 అక్టోబరు 13న కురిసిన వాన మరిచిపోయినవాళ్ళెవరూ ఉండరు. కొత్తగా నాటిన నారు మీద అందులో పావు వంతు పడినా చాలు. రేకు కింద ఇంకో రెండు వారాలు ఉంచితే నష్టం లేదు, చిక్కబడుతుంది కూడా. చివరి రెండు వారాలు కత్తిరింపులు మానేశాం, నాటేటప్పటికి ఎత్తు కావాలి కనుక.

రెండో విడత నారు అదే విత్తనంతో, అదే డబ్బాలో, అక్టోబరు నడుమ పోశాం. ఆవిడకు నవంబరు ముచ్చట మనసులోంచి పోలేదు. చెప్పడం కన్నా చూపించడం తేలికనిపించింది.

బకెట్లు, బరువు

ఇరవై లీటర్ల పెయింట్ బకెట్లు. హైదరాబాదు మిద్దె తోటలు నిలబడింది వీటి మీదే. అడ్డం సుమారు 30 సెంటీమీటర్లు, లోతు 35కు పైన. లీక్ వేళ్ళు లోతుకు పోవు, కానీ కాడ పూడ్చడానికి లోతు కావాలి కాబట్టి ఇవి బాగా నప్పుతాయి. బకెట్టుకు నాలుగు మొక్కలు, 15 సెంటీమీటర్ల దూరం. ఐదోది పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టకండి.

ఇక్కడ ఆయన తన ఇంజనీరింగు బయటికి తీశారు. "మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు నూట యాభై కిలోలే కదయ్యా లెక్క, నువ్వు పేర్చేది ఎంత?" అన్నారు. మంచి ప్రశ్న. చాలా ఇళ్ళలో ఎవరూ అడగరు. ఎర్రమట్టి ఒక్కటే నింపి తడిపితే బకెట్టు 30 కిలోలకు పైనే తూగుతుంది, చదరపు మీటరులో తొమ్మిది పేరిస్తే లెక్క దాటిపోతుంది. అందుకే ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, కంపోస్టు సమానంగా కలిపి 20 కిలోల చుట్టూ ఉంచాం. ఒకచోట కుప్పగా కాకుండా పిట్టగోడ వెంబడి, కింద దూలం ఉన్న వరుసలోనే పెట్టాం. ఎక్కడెక్కడ దూలాలున్నాయో ఆయనే చాక్‌పీసుతో గీసిచ్చారు. కంపోస్టులో సగం పాత పశువుల ఎరువు, సగం వర్మీ. బకెట్టుకు రెండు గుప్పిళ్ళ వేపపిండి.

మొత్తం 16 బకెట్లు: మొదటి విడతకు 12, రెండో విడతకు 4.

నాటడం

బకెట్టును నిండా నింపకుండా పైన 10 సెంటీమీటర్లు వదిలాం. మరీ సగమే నింపి నాటితే బకెట్టు గోడ నీడ పడుతుంది, లోపల గాలి ఆడదు. నిండా నింపితే తర్వాత మట్టి ఎగదోయడానికి చోటుండదు. చీపురుకట్ట కర్రతో 15 సెంటీమీటర్ల లోతు గుంత పొడిచి, నారును అందులో జారవిడిచి, నీళ్ళు మాత్రమే పోశాం. గుంతను మట్టితో పూడ్చలేదు. అమ్మవారికి తాంబూలం పెట్టినంత పొందిగ్గా మట్టి అదిమే అలవాటున్న ఆవిడకు ఇది నచ్చలేదు. కానీ వదులుగా ఉంటేనే కాడ లావెక్కుతుంది, నీళ్ళు పోసినప్పుడల్లా మట్టి తనంతట తనే జారి పూడుకుంటుంది.

నాట్లు కార్తీకంలోకి వెళ్ళాయి. ఆ ఇంట్లో ఆ నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. లీక్ కూడా ఆ లెక్కలోకే వస్తుందా అని అడిగారు. ఉల్లి జాతే కదమ్మా, వస్తుందనే చెప్పాను. కోత మాఘంలో కాబట్టి చిక్కు లేదు.

నెల తర్వాత కాడ నిలబడ్డాక, పాత క్యాలెండరు అట్టలతో చేసిన గొట్టాలు తొడిగి, బకెట్టులో వదిలిన 10 సెంటీమీటర్లను మూడు విడతలుగా కొబ్బరి పొట్టుతో నింపుతూ వచ్చాం. గొట్టం లేకుండా నింపితే ఆకుల సందుల్లోకి మట్టి దూరి, వండేటప్పుడు పళ్ళకింద ఇసుక తగులుతుంది. కొబ్బరి పొట్టు అయితే బరువూ తక్కువే. ఒకేసారి ఆకులు విడిపోయే చోటు దాకా నింపితే మాత్రం కుళ్ళు వస్తుంది, ఎప్పుడూ దానికి రెండు వేళ్ళు కిందే ఆపాలి.

నీళ్ళు

ఇంట్లో బోరు ఉంది. నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 1000 దాటింది. నగరంలో బోర్లకు ఇది వింతేమీ కాదు. టమాట, వంకాయ సర్దుకుంటాయి. ఉల్లి జాతి మాత్రం ఉప్పును ఓర్చుకోలేదు. ఉల్లికి సాగునీటిలో ఉప్పు టీడీఎస్ మీటరులో సుమారు 500 దాటిన దగ్గర నుంచి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. లీక్‌కూ అదే కొలత పట్టుకుంటాను. వెనకటి పంటలో కొసలు కాలడం పూర్తిగా ఎండ వల్లే కాదని నా అంచనా. ఈసారి నల్లా నీళ్ళు మాత్రమే పోశారు, రోజు విడిచి రోజు వచ్చే నీటిని ఒక డ్రమ్ములో పట్టి. నల్లా రాని వారం రెండుసార్లు బోరు పోయక తప్పలేదు. తర్వాత మంచినీళ్ళు వచ్చినప్పుడు అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోసి కడిగేయమన్నాను.

లీక్ వేళ్ళు పైపైనే ఉంటాయి కనుక బకెట్టు ఎండిపోతే వెంటనే ఆగిపోతుంది. ఆకు వాడినట్టు కనబడదు, అదే మోసం. డిసెంబరులో రోజు విడిచి రోజు, ఫిబ్రవరిలో రోజూ. పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీరు పలచన చేసి పోశారు, ఆకు పంటకు నత్రజనే ముఖ్యం.

పురుగు, తెగులు

ఈ పంటకు మిద్దె మీద అసలు శత్రువు తామర పురుగు (త్రిప్స్), ఆకు రసం పీల్చే సన్నటి పురుగు. సంక్రాంతి దాటి గాలి పొడిబారగానే ఆకుల మీద వెండి గీతలు కనబడ్డాయి. ఆకు చీల్చి లోపలి మడతలో చూస్తే పసుపు రంగు పిల్ల పురుగులు. పక్కింటి మిద్దె మీద ఉల్లికాడలు ఎండబెట్టి వదిలేశారు, అక్కడి నుంచి వచ్చి ఉంటాయి. నీలి రంగు జిగురు అట్టలు నాలుగు కట్టాం. పొద్దున్నే పైపుతో మడతల్లోకి నీళ్ళు బలంగా కొట్టమన్నాను. పొద్దున్నే ఎందుకంటే ఆకు రాత్రంతా తడిగా ఉంటే ఊదా మచ్చ తెగులు పట్టుకుంటుంది. సాయంత్రం కొడితే ఒకదాన్ని చంపబోయి ఇంకోదాన్ని పిలిచినట్టే. 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్ళతో, వారానికోసారి మూడుసార్లు. పురుగు పూర్తిగా పోలేదు, అదుపులో ఉంది. ఆకు మీద గీతలు పడ్డా కాడకు నష్టం లేదు, అంగట్లో అమ్ముకునేవాళ్ళం కాదు కదా.

కోత

ఫిబ్రవరి మొదటి వారం నుంచి అవసరమైనప్పుడల్లా పీకుతూ నెలాఖరుకు ముగించారు. మొదటి విడతలో నాటిన 48లో నలభైకి పైగా చేతికొచ్చాయి. కాడలు బొటనవేలి లావు, కొన్ని అంతకు కాస్త పైన. తెల్లభాగం జానెడు. శుభ్రం చేశాక ఒక్కోటి 100 నుంచి 150 గ్రాములు. ఊటీ నుంచి వచ్చే లీక్ పక్కన పెడితే ఇవి సన్నమే, ఆ సంగతి ముందే చెప్పి ఉంచాను. పడమటి పిట్టగోడ పక్కన ఉన్న మూడు బకెట్లలో కాడలు మిగతావాటికన్నా చిక్కిపోయాయి. మధ్యాహ్నం ఎండకు కాగిన గోడ రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. జనవరిలో వాటికి గోనె సంచులు చుట్టాం, అప్పటికే ఆలస్యమైంది.

రెండో విడత డిసెంబరు చివర నాటాం. ఫిబ్రవరి చివరకు పెన్సిల్ కన్నా కొంచెం నయం. మార్చి అంతా ఉంచి చూశారు, చిటికెనవేలి దగ్గర ఆగిపోయాయి. అవే మట్టి, అవే నీళ్ళు. ఆవిడ రెండు విడతల కాడలను వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఇక నవంబరు ప్రస్తావన రాలేదు.

సన్నకాడలు పారేయలేదు. ఉల్లికాడల్లాగే తరిగి పెసరపప్పులో వేశారు. లావువాటిని నిలువునా చీల్చి కడిగి, సన్నటి మంట మీద నూనెలో బాగా మగ్గనిచ్చి, ఆలుగడ్డ ముక్కలు వేసి వండారు. లీక్‌కు పెద్ద మంట పనికిరాదు, ఎర్రగా వేగితే చేదెక్కుతుంది. ముదురు ఆకుపచ్చ కొసలు చారు కాచే నీళ్ళలో వేసి తీసేశారు.

నా లెక్కలో ఎవరికి పనికొస్తుంది

డబ్బు కోసం చూస్తే ఇది దండగ పంట. ఒక బకెట్టు నాలుగు నెలలు కూర్చుని నాలుగు కాడలిస్తుంది. అదే బకెట్టులో ఆ నాలుగు నెలల్లో ఉల్లికాడలు రెండుసార్లు, మెంతికూర లెక్కలేనన్ని సార్లు వస్తాయి. బోరు నీళ్ళు తప్ప దారి లేని ఇళ్ళకు నేను వద్దనే చెబుతాను. ఆగస్టులో నారుకు వాన తగలని, వెలుతురున్న చోటు లేనివాళ్ళకూ వద్దంటాను. ఆ రెండూ ఉండి, ఆ రుచి తెలిసి కోరుకునేవాళ్ళకు మాత్రం ఒక వరుస బకెట్లు ఇవ్వొచ్చు.

రెండు మొక్కలను విత్తనం కోసం వదలమంటే వదిలారు. పూకాడ రాలేదు, ఏప్రిల్‌కు ఆకులు ఎండిపోయాయి. లీక్ రెండేళ్ళ మొక్క, ఎదిగాక వారాల తరబడి గట్టి చలి తగిలితేనే పూతకొస్తుంది. మన మిద్దెల మీద ఆ చలి లేదు. కనుక ఏటా విత్తనం కొనాల్సిందే.

వచ్చే పంటకు ఆవిడ 8 బకెట్లే చాలన్నారు, అన్నీ తూర్పు వైపు. పడమటి గోడ పక్కన ఈసారి వెల్లుల్లి వేస్తారట. కింగ్ రిచర్డ్ విత్తనం జూలై చివర్లో తెప్పించాలి, అంతకుముందు తెప్పిస్తే ఇంట్లో ఉక్కకే మొలక తగ్గుతుంది.